పందుల దొడ్డికి మందు ఎక్కడినుంచి వచ్చింది

మన కొండల్లో 'మందు' అనే ఒక్క మాటతో చాలా పనులు గడిచిపోతాయి. గురువు అడవి నుంచి తెచ్చిన వేరు మందు. ఆసుపత్రిలో ఇచ్చే బిళ్ల మందు. చేనుకు చల్లే యూరియా మందు. దోమల కోసం గోడల మీద కొట్టిన డీడీటీ మందు. సాయంత్రం కొందరు తాగేదీ మందే, దాని సంగతి ఇక్కడ వద్దు. పందుల దొడ్డిలో పోసే ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరు, సున్నం కూడా మందే. ఇన్నిటికీ ఒకే మాట వాడితే ఏం నష్టం అనిపించవచ్చు. దొడ్డిలో పదిహేను రోజుల పిల్లలు ఒకదాని వెనక ఒకటి పారుడుతో పోతున్నప్పుడు ఆ నష్టం తెలుస్తుంది. ఇంట్లో ఉన్న మందేదో తెచ్చి పెంట మీద పోస్తాం. మర్నాడు ఇంకో పిల్ల పోతుంది. 'మందు వేశాం, అయినా ఆగలేదు' అనుకుని ఊరుకుంటాం.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ మందు చరిత్ర. సూక్ష్మజీవుల్ని చంపే ఈ మందులు మన దొడ్డి దాకా ఏ దారిన వచ్చాయి, వాటికంటే ముందు మన పెద్దల దొడ్డిని ఏది కాపాడింది, ఇవాళ అవి మన చేతుల్లో ఎందుకు సగం పనే చేస్తున్నాయి అన్నది. పాఠశాలల్లో పనిచేసే మన ఉపాధ్యాయులకు ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది. సైన్సు పుస్తకంలో లిస్టర్, పాశ్చర్, కోచ్ అని మూడు పేర్లు వస్తాయి. ఆ ముగ్గురి కథలోనూ పశువులున్నాయి. పాశ్చర్ కథలోనైతే పందులే ఉన్నాయి. పుస్తకం ఆ సంగతి చెప్పదు.

ముందు పంది గురించి. తెలుగులో పంది, గోండిలో పద్ది, కువిలో పజ్జి, కూయిలో పజి. తమిళంలో పన్ఱి, కన్నడంలో హంది. ఇవన్నీ ఒకే పాత మాట నుంచి పుట్టినవని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. అంటే మనవాళ్లూ మైదానం వాళ్లూ ఇంకా వేరుపడని కాలం నుంచే ఈ జంతువు మన నోట్లో ఉంది. కొండరెడ్ల మీద 1945లో 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అనే పుస్తకం వేసిన హైమెన్‌డార్ఫ్, గోదావరి ఒడ్డు కొండల్లో పోడు చేసుకుంటూ పందులూ కోళ్లూ పెంచుకునే ఊళ్లను చూశాడు. విత్తనం వేసే ముందు భూమి తల్లికి పందిని ఇచ్చే ఆచారాన్ని నమోదు చేశాడు. మన ఇళ్లలో పంది అంటే ఇప్పటికీ చేతిలో ఉన్న డబ్బే. పెళ్లికి, చావుకి, పండక్కి, పిల్లవాడి చదువుకి సావుకారు గుమ్మం తొక్కకుండా గట్టెక్కించేది అదే. ఒక్క ఈతలో ఎనిమిది, పది పిల్లలు పెడుతుంది. కుడితి, తవుడు, చెట్టు కింద రాలిన కాయ, ఏది దొరికితే అది తిని బతుకుతుంది. అలాంటి జంతువు రోగంతో పోతే ఇంటికి తగిలే దెబ్బ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

దానితోపాటే వచ్చిన ఇంకో మాట ఉంది. పందులు పెంచేవాళ్లు మురికివాళ్లు అన్న మాట. మైదానంలో ఎరుకల సోదరులు తరతరాలుగా ఇది పడుతున్నారు. హాస్టళ్లలో చదువుకున్న మాలో చాలామందికి కూడా ఇది పరిచయమే. దొడ్డిలో మందు చల్లండి అని ఎవరైనా చెప్పినప్పుడు మనవాళ్ల ముఖం ముడుచుకోవడానికి కారణం ఇక్కడే ఉందని మేము అనుకుంటున్నాం. మందు చల్లమంటే నువ్వు మురికిగా ఉన్నావు అన్నట్టు వినబడుతుంది. చరిత్ర చూస్తే సంగతి అలా లేదు.

పాతరోజుల్లో మన పందులకు గట్టి దొడ్డి ఉండేది కాదు. పగలు ఊరి చుట్టూ తిరిగేవి. రాత్రి ఇంటి పక్కన తడక కట్టిన చోటో, చూరు కిందో పడుకునేవి. ఊరు కూడా ఒకేచోట శాశ్వతంగా పాతుకుని ఉండేది కాదు. పోడు మారినప్పుడు, నీరు ఎండినప్పుడు, ఊళ్లో వరసగా చావులు పడినప్పుడు ఇళ్లు విప్పుకుని వేరే చోటికి పోయేవాళ్లు. చావు పడిన చోటు మంచిది కాదని పెద్దలు అనేవాళ్లు. ఎందుకు మంచిది కాదో వాళ్ల లెక్క వాళ్లది. ఇవాళ్టి లెక్కతో చూస్తే ఆ పని పశువుల రోగాలకు కూడా అడ్డుకట్టే అయి ఉంటుంది. పారుడు తెచ్చే ఈ-కోలై, సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు పేడలో, తడి మట్టిలో వారాలు, ఒక్కోసారి నెలల తరబడి బతుకుతాయి. వాటికి కావలసింది తడి, నీడ, పెంట, రోజూ అక్కడికే వచ్చే జంతువు. పంది తిరుగుతూ ఉంటే, ఊరు మారుతూ ఉంటే, పాత చోటు ఎండకు ఎండి, వానకు కడిగి, మళ్లీ గడ్డి మొలిస్తే ఆ నాలుగూ వాటికి ఒకచోట దొరకవు. హైమెన్‌డార్ఫ్ ఈ మాట అనలేదు, ఇది మేము వేసుకున్న అంచనా. ఇప్పటి పందుల ఫారాల్లో ఒక గది మొత్తం ఖాళీ చేసి, కడిగి, కొన్నాళ్లు ఎండబెట్టి, తర్వాతే కొత్త పిల్లల్ని దింపే పద్ధతి ఉంది. ఊరు మారడం వెనక జరిగిందీ దాదాపు అదే.

ఇంట్లో ఇంకో రెండు ఉండేవి, బూడిద, పొగ. బూడిదలో ఉన్న పొటాష్ కారం నీళ్లలో కలిస్తే జారుడుగా ఉంటుంది, జిడ్డును వదిలిస్తుంది. సూక్ష్మజీవుల్ని చంపే శక్తి దానికి పెద్దగా లేదు గానీ అవి దాక్కునే జిడ్డును తీసేస్తుంది. పొగ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పొయ్యి పైన అటక మీద వేలాడదీసిన మాంసం కుళ్లకపోవడానికి అది ఎండిపోవడం ఒక కారణమైతే, కట్టెల పొగలో ఉండే ఫినాల్ జాతి పదార్థాలు రెండో కారణం. ఫినాయిల్ అనే పేరు పుట్టింది ఆ ఫినాల్ నుంచే. ఇంగ్లండులో దాన్ని బొగ్గు తారు నుంచి తీశారు, మన ఇళ్లలో అది కట్టె పొగలో ఉంది.

ఇదంతా చెప్పి మన పెద్దల కాలం బంగారం అనడం మా ఉద్దేశం కాదు. పందుల జ్వరం వస్తే ఊరు ఊరంతా దొడ్లు ఖాళీ అయ్యేవి. గొంతువాపుతో గొడ్లు పోయేవి. చచ్చిన జంతువును పారేయలేక పంచుకుని తిన్నందుకు మనుషులకు దొమ్మ, అంటే ఆంత్రాక్స్, అంటుకున్న సంఘటనలు అరకు, హుకుంపేట వైపు మనకాలంలోనూ జరిగాయి. ఆకలి ఉన్న ఇంట్లో చచ్చిన పశువును పూడ్చిపెట్టమని చెప్పడం తేలిక, పూడ్చడం కష్టం.

మరి ఆ తిరుగుడు ఎప్పుడు ఆగింది? ఒక్కరోజులో ఆగలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు గీతలు పడుతూ వచ్చాయి. పోడుకు అడ్డు, ఊరు మారడానికి అడ్డు. 1879 నాటి రంప తిరుగుబాటుకూ 1922 నాటి అల్లూరి పోరాటానికీ వెనక ఉన్న బాధల్లో కల్లు పన్ను నుంచి అటవీ ఆంక్షలు, వెట్టి దాకా చాలా ఉన్నాయి, అవి మీరు చదువుకున్నవే. చట్టం తర్వాత రోడ్లు, రోడ్ల తర్వాత ప్రాజెక్టులు. మన డొంకరాయి సీలేరు నది మీద ఉంది. 1970ల్లో దిగువ సీలేరు జలవిద్యుత్ పథకం కింద ఇక్కడ నీటిని నిలిపి, కాలువలో పొల్లూరు విద్యుత్ కేంద్రానికి పంపడం మొదలైంది. జలాశయం, కాలువ, కాలనీ, బస్సు రోడ్డు, బడి, ఆసుపత్రి వచ్చాయి. ఇక ఊరు కదలదు. కదలనవసరం లేదని కూడా మనవాళ్లకు అనిపించింది, ఎందుకంటే బడీ రేషనూ ఇక్కడే ఉన్నాయి. పంది మాత్రం మునుపటి పందే. దానికి ఇప్పుడు అదే దొడ్డి, అదే నేల, ఏళ్ల తరబడి అదే పెంట. జూన్ నుంచి అక్టోబరు దాకా మన దగ్గర పడే వానకు ఆ నేల ఆరనే ఆరదు. ఊరు కదలడం ఆగినచోట ఆ పని ఇంకేదో చేయాలి. దొడ్డిలో మందు అవసరం అక్కడ పుట్టింది. మన మురికి వల్ల పుట్టలేదు.

ఇప్పుడు ఆ మందు పుట్టిన చోటికి ఒకసారి పోదాం. 1860ల్లో ఇంగ్లండులో కార్లైల్ అనే ఊరు తన మురుగునీటిని పొలాలకు పారించేది. కంపు భరించలేక అందులో కొద్దిగా కార్బాలిక్ ఆమ్లం, అంటే ఫినాల్, కలిపారు. కంపు తగ్గింది. ఆ పొలాల్లో మేసే పశువులకు పట్టే పురుగులు కూడా తగ్గాయని చెప్పుకున్నారు. ఈ సంగతి విన్నవాడు గ్లాస్గోలో శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్. 1865 ఆగస్టులో బండి కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ల కుర్రవాడి గాయానికి ఆ కార్బాలిక్ పెట్టి కట్టాడు. గాయం కుళ్లలేదు. 1867లో ఆయన ఈ పద్ధతిని లోకానికి చెబుతూ, తనకు ఆలోచన కార్లైల్ పొలాల నుంచే వచ్చిందని రాశాడు. అంటే ఇవాళ ఆపరేషన్ గదిలో ఉన్న శుభ్రత పద్ధతి వెనక పశువుల మేత పొలం ఉంది. అదే కాలంలో, 1865 నుంచి బ్రిటన్లో ముసర వ్యాధి పశువుల్ని వేలకు వేలు ఊడ్చేస్తుంటే, విలియం క్రూక్స్ అనే రసాయన శాస్త్రవేత్త కొట్టాలకు కార్బాలిక్ వాడటం గురించి 1866లో ప్రభుత్వ కమిషనుకు నివేదిక ఇచ్చాడు. అప్పటికి రోగం తెచ్చేది సూక్ష్మజీవి అని ఎవరూ రుజువు చేయలేదు. వాసనే రోగం అని చాలామంది నమ్మకం. దొరలు కూడా మొదట కంపుతోనే పోరాడారన్నమాట.

ఆ తర్వాత పదిహేనేళ్లలో సంగతి మారిపోయింది. 1876లో రాబర్ట్ కోచ్ దొమ్మ రోగానికి కారణమైన సూక్ష్మజీవి జీవితచక్రాన్ని చూపించాడు. 1881లో సూక్ష్మజీవుల్ని చంపే మందుల్ని వరసగా పరీక్షకు పెట్టాడు. దొమ్మ సూక్ష్మజీవి తనకు కష్టకాలం వచ్చినప్పుడు గట్టి గింజలా మారి మట్టిలో పడి ఉంటుంది. ఆ గింజ మీద కార్బాలిక్ చాలా బలహీనమని తేలింది. అందరూ నమ్మిన మందు, మంచి ఘాటు వాసన ఉన్న మందు, అక్కడ ఓడిపోయింది. వాసనకూ చంపే శక్తికీ సంబంధం లేదని అప్పుడే తెలిసింది. తెలిసి 140 ఏళ్లు దాటింది.

పందుల వంతు 1882లో వచ్చింది. ఫ్రాన్సులో పందులకు ఎర్రమచ్చల జ్వరం వచ్చి చస్తుంటే పాశ్చర్, ఆయన శిష్యుడు తుయిలియే కలిసి దాని సూక్ష్మజీవి మీద పనిచేసి టీకా తయారుచేశారు. 1885లో అమెరికాలో డేనియల్ సాల్మన్, థియోబాల్డ్ స్మిత్ చచ్చిన పందుల్లో ఒక సూక్ష్మజీవిని కనుక్కుని, పందుల జ్వరానికి అదే కారణం అనుకున్నారు. పనంతా చేసింది స్మిత్ అని అంటారు, పేరు మాత్రం పై అధికారి సాల్మన్ పేరు మీద సాల్మొనెల్లా అయింది. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. దాదాపు 20 ఏళ్లు లోకం అలాగే నమ్మింది. 1903లో అదే శాఖలోని శాస్త్రవేత్తలు ఆ జ్వరానికి అసలు కారణం అంతకంటే ఎంతో చిన్నదైన వైరస్ అని చూపించారు. సాల్మొనెల్లా అప్పటికే నీరసించిన పందిని పట్టే రెండో దొంగ. ఒకే దొడ్డిలో ఒకేసారి రెండు మూడు రోగాలు ఉండవచ్చునన్న పాఠం అక్కడే ఉంది. మన దొడ్లలో కూడా చాలాసార్లు జరిగేది అదే.

ఈ మందులు మన ఘాటు ఎక్కింది పశువుల కోసం కాదు, మనుషుల కోసం. మేము చూసినంతలో మూడు దారుల్లో వచ్చాయి, మూడూ మనకు మూడు అలవాట్లు నేర్పి పోయాయి.

మొదటిది డీడీటీ. 1953లో దేశంలో మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. భుజాన పంపు వేసుకుని వచ్చిన మనుషులు ఇల్లిల్లూ గోడలకు కొట్టి పోయేవాళ్లు. ఆ మందు గోడను పట్టుకుని నెలల తరబడి ఉండి, వాలిన దోమను చంపుతుంది. దాంతో మందు అంటే ఒకసారి కొడితే నెలలు పనిచేసేది అన్న నమ్మకం కుదిరింది. డీడీటీ పురుగుల మందు, సూక్ష్మజీవుల్ని ఏమీ చేయదు. దొడ్డిలో చల్లే బ్లీచింగ్‌కైతే గంటల ఆయుష్షే. ఉదయం చల్లింది సాయంత్రానికి ఉండదు.

రెండోది బ్లీచింగ్ పౌడరు. వాంతులు, విరేచనాలు వచ్చిన ఊళ్లలో బావుల్లో, ట్యాంకుల్లో చిటికెడంత కలిపి వెళ్లేవాళ్లు. తేటనీటిలో కొంచెం చాలు. దాన్ని చూసి దొడ్డిలో కూడా కొంచెం చల్లితే చాలనుకున్నాం. పేడ, మూత్రం, రక్తం, తవుడు ముద్ద ఏది ఉన్నా క్లోరిన్ ముందు దానితోనే కలిసి ఖర్చయిపోతుంది. సూక్ష్మజీవి దాకా చేరేది ఏమీ మిగలదు.

మూడోది ఫినాయిల్. ఆసుపత్రి వరండాలో, కాలనీ క్వార్టర్లలో తుడిచిన నేల వాసనతో అది మన మనసులో పడింది. వాసన వస్తే శుభ్రం. అక్కడ ముందు ఊడుస్తారు, కడుగుతారు, ఆఖరున ఫినాయిల్ నీళ్లతో తుడుస్తారు. మనం చూసింది ఆఖరి పని ఒక్కటే.

మైదానంలో పందుల పెంపకం వేరే దారిలో నడిచింది. 1960ల్లో గన్నవరంలో పందుల పెంపక కేంద్రం, బేకన్ ఫ్యాక్టరీ వచ్చాయి. తిరుపతి పశువైద్య కళాశాలలో 1970ల నుంచి పందుల మీద పరిశోధన సాగుతోంది. లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే తెల్లజాతి పందుల్ని నాటు పందులతో కలిపి సంకరజాతులు తయారుచేశారు. ఆ తెల్ల పందులు తొందరగా బరువెక్కుతాయి. వాటితోపాటు సిమెంటు నేల, వాలు గచ్చు, నీళ్ల పైపు, తలుపు దగ్గర మందు నీళ్ల గుంట, ఇవన్నీ ఒక కట్టగా వచ్చాయి. మన దగ్గరికి చాలాసార్లు పందులు మాత్రం వచ్చాయి, మిగతా కట్ట రాలేదు. తడక దొడ్డిలో మట్టినేల మీద పెట్టిన తెల్ల పంది నిలవకపోతే, మనవాళ్లకు పెంచడం చేతకాలేదన్నారు.

ఇక పని సంగతి. చరిత్ర వ్యాసంలో ఇది ఎందుకని అడగవచ్చు. పై పాఠాలన్నీ వచ్చి కలిసేది ఇక్కడే.

పెంట ఎత్తడం మొదటి పని. పారతో గీకి, తొట్టి కింద, తడక మూలల్లో అంటుకున్నది కూడా తీయాలి. తర్వాత నీళ్లు, సబ్బు లేదా సబ్బు పొడి, చీపురు లేదా బ్రష్. జిడ్డు ఉన్నంతసేపూ మందు లోపలికి దిగదు. బూడిద నీళ్లకు కూడా ఇక్కడ చోటుంది. దొడ్డిలో ఉన్న సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం పోయేది ఈ కడుగుడుతోనే. దీన్ని మందు అని ఎవరూ అనరు, కాబట్టి దీనికి విలువ ఇవ్వం. కడిగాక ఆరనివ్వాలి. నీళ్లు నిలిచిన చోట మందు పోస్తే అది పలచబడి పనికిరాకుండా పోతుంది. ఆరిన నేల మీద, చెప్పిన కొలతతో కలిపిన మందు పోసి, కనీసం అరగంట తడిగా ఉండనివ్వాలి. మళ్లీ ఆరాక పందులు. వీలైతే ఒక దొడ్డికి బదులు రెండు చిన్నవి కట్టుకుని, ఒకటి ఖాళీగా ఎండనివ్వడం మన నేలకు అన్నిటికంటే సరిపోయే పద్ధతి. పాత కాలంలో ఊరు చేసిన పనిని రెండు తడకల మధ్య చేయడమే ఇది.

మట్టినేలను సిమెంటులా కడగలేం. పై మట్టి జానెడు లోతు గీకి తీసేసి, పంది పోని చోట గుంటలో వేసి, కొత్త మట్టి, ఇసుక పోసి దిమ్మిస కొట్టి, పైన సున్నం చల్లాలి. సున్నం మనకు తెలిసిన వస్తువు, సంతలో చవగ్గా దొరుకుతుంది. సున్నపురాయిని కాల్చితే రాతి సున్నం, దానికి నీళ్లు పోస్తే బుసబుస ఉడికి తడి సున్నం అవుతుంది. ఆ తడి సున్నం పీహెచ్ 12 దాటి ఉంటుంది. అంత కారంలో పారుడు తెచ్చే సూక్ష్మజీవులు నిలవలేవు. కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్ల చొప్పున చిక్కగా కలిపి గోడలకు, గుంజలకు, నేలకు పూయాలి. ఉడికేటప్పుడు ముఖం దగ్గర పెట్టకూడదు, కంట్లో పడితే చూపు పోతుంది. పూత ఆరాకే పందుల్ని వదలాలి, లేకపోతే పొదుగు, కాళ్లు పొక్కుతాయి.

బ్లీచింగ్ అయితే తాజా పొడి లీటరు నీటికి 30 గ్రాములు కలిపితే సుమారు ఒక శాతం క్లోరిన్ వస్తుంది. మన తేమకు మూత తీసిన సంచి కొన్ని వారాల్లోనే బలం పోగొట్టుకుంటుంది. దాన్ని యాసిడ్‌తో కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఫినాయిల్, క్రెసాల్ లాంటివి పందికి విషం. మిగతా పశువుల కంటే పందికి ఈ జాతి మందులు త్వరగా ఎక్కుతాయి. నేల నాకే జంతువు కాబట్టి తడి ఉండగా వదలవద్దు, తొట్టిలో అసలు వాడవద్దు. ఏ మందు కడిగిన నీళ్లయినా గెడ్డలోకి పోనివ్వకూడదు. కిందనున్న ఊరు అదే నీళ్లు తాగుతుంది, చేపలూ అక్కడివే.

గుమ్మం దగ్గర మందు నీళ్ల గుంట గురించి ఒక మాట. బురద కాలు అందులో ముంచి తీస్తే ఏమీ కాదు. కాలు ముందు కడిగి, రుద్ది, తర్వాత ముంచాలి. బురద కలిసిన మందునీళ్లు ఆ రోజే పారబోసి కొత్తవి పోయాలి. సంతలో కొన్న పందిని రెండు, మూడు వారాలు విడిగా కట్టేయడం ఈ గుంటకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మందు చేయలేనివి కూడా చెప్పాలి. దొమ్మ గింజలు మట్టిలో ఏళ్లకేళ్లు ఉంటాయి. ఫినాయిల్‌కు, మామూలు మోతాదు మందులకు లొంగవు. హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లరక్తం కారిన పశువును కోయకూడదు. కోస్తేనే ఆ సూక్ష్మజీవికి గాలి తగిలి గింజలుగా మారుతుంది. పశువుల డాక్టరుకు కబురు పెట్టి, ఆయన చెప్పిన చోట కాల్చడమో లోతుగా పూడ్చడమో చేయాలి. అలాంటి గుంటలో సున్నం వేయడం మంచిదేనా అని ఇప్పుడు శాస్త్రవేత్తలు ప్రశ్నిస్తున్నారు. సున్నంలోని కాల్షియం ఆ గింజలు నిలిచి ఉండటానికి సాయపడవచ్చునని వాళ్ల అనుమానం. పారుడుకు మంచి మందే ఇక్కడ పనికిరాకపోవచ్చు. మెదడువాపు జ్వరం పంది నుంచి దోమ ద్వారా మనిషికి వస్తుంది. 1999లో రాష్ట్రంలో ఆ జ్వరం వచ్చినప్పుడు పందుల మీద కోపం అంతా ఇంతా కాదు. దొడ్డి ఎంత కడిగినా దోమను ఆపకపోతే దానికి ప్రయోజనం లేదు. పందుల జ్వరానికి టీకా ఉంది, వేయించాలి. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదలైన ఆఫ్రికా పందుల జ్వరం వేరు. అది వేలాది పందుల్ని తీసింది. మన దేశంలో రైతు చేతికి దానికి టీకా రాలేదు. అక్కడి గిరిజన రైతులకు మిగిలిన ఆయుధాలు కంచె, కడుగుడు, మందు, బయటి పంది మాంసం తుక్కు తినిపించకపోవడం.

మందు వల్ల కాకపోతే సూది ఉంది కదా అనే ధోరణి ఇప్పుడు మన సంతల దాకా వచ్చింది. పారుడు కనబడితే చాలు, ఏ యాంటీబయాటిక్ దొరికితే అది. కొలిస్టిన్ అనే మందును మనుషులకు ఇంకేదీ పనిచేయనప్పుడు వాడతారు. దాన్ని తిండి కోసం పెంచే జంతువులకు వాడకుండా 2019లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. దొడ్డిలో అలవాటుపడిన సూక్ష్మజీవి మన పిల్లల కడుపులోకి వస్తే అప్పుడు ఆసుపత్రిలో బిళ్ల కూడా పనిచేయదు. చీపురు, సబ్బు, సున్నం అలాంటి అలవాటు చేయించవు.

ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో చేయించగల చిన్న పరీక్ష ఒకటి ఉంది. సున్నం గాలి తగిలి నిలవ ఉంటే మెల్లగా మళ్లీ రాయి గుణంలోకి, సుద్దగా, మారిపోతుంది. చూడటానికి తెల్లగానే ఉంటుంది, శక్తి మాత్రం ఉండదు. రెండు గిన్నెల్లో కొత్త సున్నం కొంచెం, ఏడాది నాటి సంచిలో అడుగున మిగిలిన సున్నం కొంచెం వేసి, రెండిటి మీదా పుల్ల పెట్టి నిమ్మరసం చుక్కలు వేయించండి. బుడగలతో బాగా పొంగిన గిన్నెలోది చచ్చిన సున్నం. పొంగనిది దొడ్డికి పనికొస్తుంది. పిల్లల్ని తమ ఇంట్లో ఉన్న సున్నం చిటికెడు కాగితంలో కట్టి తెమ్మంటే, వానలు మొదలయ్యేలోగా ఎవరింట్లో కొత్త సంచి కొనాలో ఆ రోజే తెలిసిపోతుంది.